తడి మట్టిలో దాహం: డీలాపడిన కలతియాను తిరిగి నిలబెట్టడం

ఆకుల అందం కోసం ఇళ్లలో పెంచే కలతియా మొక్క ఆకులు గొట్టాల్లా ముడుచుకోగానే ఎవరి చెయ్యైనా నీళ్ల మగ్గు మీదికే వెళుతుంది. మట్టి నిజంగా ఎండి ఉంటే అందులో తప్పేమీ లేదు, కొన్ని గంటల్లో ఆకు విచ్చుకుంటుంది. చిక్కంతా మట్టి తడిగా ఉండగానే ఆకు ముడుచుకున్నప్పుడు. ఆ సమయంలో పోసే ప్రతి మగ్గూ మొక్కను ఇంకాస్త ముంచుతుంది. ఇళ్లలో పెంచే ఉష్ణమండల ఆకుమొక్కలు చాలావరకు పోయేది బెట్టకు కాదు, ఇలాంటి ముంపుకే. బెట్టకొచ్చిన మొక్కా, మునిగిన మొక్కా పైకి ఒకేలా వాలిపోతాయి కాబట్టి, ఆకును మాత్రమే చూసి వైద్యం మొదలుపెడితే సగం సార్లు తప్పు మందే పడుతుంది.

రెండింటి లక్షణం ఒకటే కావడానికి కారణం తేలికైనదే. ఆకులోకి నీరు వేళ్ల గుండానే రావాలి. మట్టిలో నీరు లేకపోయినా, నీరుండి తాగే వేరు చచ్చిపోయినా ఆకుకు అందేది సున్నానే. తేడా తెలియాలంటే మట్టిలోకి చూడాలి. వేలు రెండు కణుపుల లోతు దించినా, సన్నటి పుల్లను కుండీలో మూడింట రెండు వంతుల లోతుకు గుచ్చి పది నిమిషాల తర్వాత తీసి చూసినా సరిపోతుంది. తడి మట్టి, వాలిన ఆకు కలిసి కనిపిస్తే నీళ్లు ఆపి వేళ్ల సంగతి చూడాలి. గుచ్చి చూసే తేమ మీటర్లను ఇక్కడ నమ్మడానికి లేదు. వాటిలో ఎక్కువ భాగం విద్యుత్ ప్రసరణను కొలుస్తాయి. ఎరువు లవణాలు పేరుకున్న మట్టి ఆరిపోయినా అవి తడి అనే చెబుతాయి, బెరడు ముక్కలున్న వదులు మిశ్రమంలో తడి ఉన్నా పొడి అని చూపుతాయి. వీటికంటే మంచి పద్ధతి కుండీని ఎత్తి చూడటం. నిండా తడిపిన రోజు బరువెంతో, ఆరాక ఎంతో రెండుమూడు సార్లు గమనిస్తే చేతికే అలవాటవుతుంది.

వేరుకు ఊపిరి, ఆకుకు వెలుగు

వేరు కూడా శ్వాసిస్తుంది. నీటిని, లవణాలను లోపలికి లాగడానికి కావలసిన శక్తి దానికి ఆక్సిజన్ అందితేనే వస్తుంది. ఆ ఆక్సిజన్ మట్టి రేణువుల మధ్య ఉండే గాలి సందుల్లోంచి అందాలి. ఆ సందులు నీటితో నిండిపోతే దారి మూసుకుపోతుంది, ఎందుకంటే ఆక్సిజన్ గాలిలో పాకే వేగంతో పోలిస్తే నీటిలో పాకే వేగం దాదాపు పదివేల రెట్లు తక్కువ. వేడి పెరిగితే పరిస్థితి రెండు వైపుల నుంచీ బిగుసుకుంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర 7.5 మిల్లీగ్రాములే కరుగుతుంది. అదే సమయంలో వేరు శ్వాస వేగం పెరిగి, దాని అవసరం రెట్టింపు దాకా పోతుంది. అందుకే వెచ్చని గదిలో చిత్తడిగా ఉన్న కుండీ చల్లని గదిలో దానికంటే త్వరగా కుళ్లుతుంది. ముందు వేరు ఊపిరాడక చస్తుంది. ఆ చచ్చిన కణజాలాన్ని పట్టుకుని పిథియం, ఫైటోఫ్థోరా లాంటి వేరుకుళ్లు తెగుళ్లు లోపలికి పాకుతాయి. తెగులు మందు పోసి మట్టిని అలాగే వదిలేస్తే ఫలితం లేకపోవడానికి ఈ వరుసే కారణం.

ఇంత నీరు కుండీలో ఎందుకు నిలిచిపోతుందన్నది తర్వాతి ప్రశ్న. ఎక్కువ పోశారన్నది సగం జవాబే. మొక్క తాగలేదన్నది మిగతా సగం, దానికి మూలం వెలుతురు. ఆకు ఎంత వెలుగు అందుకుంటే అంత పని చేస్తుంది, అంత నీటిని ఆవిరిగా వదులుతుంది. కిటికీ పక్కన వారానికి లీటరు తాగే మొక్కను హాలు మూలకు మార్చి అదే లెక్కన నీళ్లు పోస్తే, మిగులు మొత్తం కుండీలోనే ఉండిపోతుంది. ‘ప్రతి ఆదివారం, బుధవారం’ అనే నీటి పట్టికలన్నీ పనికిరానివి కావడానికి కారణం ఇదే. అవి మొక్క ఎక్కడుందో, ఎంత వెలుగు తింటోందో అడగవు.

‘ఈ మొక్కకు తక్కువ వెలుగు చాలు’ అనే మాట చేసిన నష్టం ఇంతా అంతా కాదు. కలతియాలు ఉష్ణమండల అమెరికా అడవుల్లో చెట్ల నీడన పెరిగేవే, నిజమే. దట్టమైన అడవి నేలకు పై వెలుగులో నూటికి ఒకటి రెండు వంతులే దిగుతుంది. వెలుగును కొలిచే లక్స్ లెక్కన నడిమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్ అనుకుంటే, ఆ నీడ 1,000 నుంచి 2,000 లక్స్. దానికి తోడు కొమ్మల సందుల్లోంచి అప్పుడప్పుడు ఎండ చారలు పడుతూ ఉంటాయి. మన కంటికి వెలుగ్గానే కనిపించే గది మూల చాలాసార్లు 100 నుంచి 300 లక్స్ మాత్రమే. అంటే అడవి నేలకంటే చీకటి. కంటిపాప తనను తాను సర్దుకుంటుంది కాబట్టి మనకు ఆ తేడా పట్టదు. ఫోనులో లక్స్ మీటర్ యాప్ పెట్టుకుని ఆకు ఎత్తున కొలిస్తే పడుతుంది. ఖచ్చితత్వం తక్కువే అయినా 200కీ 3,000కీ తేడా చెప్పడానికి అది చాలు. కలతియాకు పగటి పూట 3,000 నుంచి 10,000 లక్స్ మధ్య, ఎండ నేరుగా పడని వెలుగు ఉంటే మారాకు బాగా వేస్తుంది. నేరుటెండ మాత్రం అరగంటలోనే రంగు వెలిసిపోయేలా చేస్తుంది, ముఖ్యంగా తెల్ల మచ్చలున్న రకాల్లో. వెలుతురున్న కిటికీ లేకపోతే 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ దీపాన్ని ఆకులకు 30–40 సెంటీమీటర్ల పైన పెట్టి, రోజుకు 12 గంటలు వెలిగించవచ్చు. ఊదారంగు ‘గ్రో లైట్’ అక్కర్లేదు.

కలతియా గురించి ఇంకో సంగతి తెలిస్తే పరీక్ష సులువవుతుంది. కలతియా చేరిన మరాంటేసీ కుటుంబంలో సుమారు 550 జాతులున్నాయి. మరాంటా, క్టెనాంతే, స్ట్రోమాంతే ఈ కుటుంబంలోవే. 2012లో జరిగిన పునర్వర్గీకరణలో కలతియా జాతుల్లో అత్యధికం గెపెర్టియా అనే ప్రజాతిలోకి మారాయి. నర్సరీ చీటీ మీద పాత పేరు, శాస్త్ర గ్రంథంలో కొత్త పేరు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, పెంపకం ఒకటే. వీటి ఆకు కాడ, ఆకును కలిసే చోట ఉబ్బెత్తుగా ఒక కీలు ఉంటుంది. దాని కణాల్లోకి పొటాషియం అయాన్లు, వాటి వెంట నీరు వచ్చి పోతుండటం వల్ల ఆకులు రాత్రికి పైకి లేచి, పగలు పరుచుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న మొక్కలో ఈ కదలిక స్పష్టంగా కనిపిస్తుంది. ఆకుల రంగు ఇంకా బాగానే ఉన్నా కొన్ని రోజులుగా కదలిక తగ్గిపోయిందంటే కీలుకు నీటి ఒత్తిడి అందడం లేదని అర్థం. పసుపు రంగు రాకముందే కనిపించే హెచ్చరిక ఇది. లేదా రాత్రంతా దీపం వెలుగుతున్న గదిలో మొక్క ఉందేమో చూసుకోవాలి.

కుండీలోంచి తీసి చూడాల్సిందే

మట్టి తడిగా ఉండి, ఆకులు వాలి, కింది ఆకులు ఒకటికి మించి పసుపు పడుతుంటే ఇక బయటి నుంచి ఊహించడం అనవసరం. కుండీని పక్కకు వంచి, మొక్క మొదలును చేతివేళ్ల మధ్య పట్టుకుని, కుండీ అంచును తట్టి వేళ్ల ముద్దను బయటికి జార్చాలి. మంచి వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉండి, వంచితే విరుగుతుంది. కుళ్లిన వేరు ముదురు గోధుమరంగుకు తిరిగి, రెండు వేళ్లతో లాగితే పైతొక్క ఊడి చేతికొచ్చి మధ్యలో దారం లాంటి పోగు మిగులుతుంది. వాసన కూడా సాక్ష్యమే. మంచి మట్టికి వానకు తడిసిన నేల వాసన ఉంటుంది, కుళ్లిన దానికి మురుగు వాసన. కొన్ని కలతియాల వేళ్లకు చివర్లలో గోళీల్లాంటి చిన్న దుంపలుంటాయి, అవి నీటి నిల్వలు. రోగమనుకుని వాటిని కోసేస్తుంటారు. గట్టిగా ఉన్నంతవరకు వాటిని ముట్టుకోకూడదు, కోలుకునే మొక్కకు అవే ఆసరా.

వేళ్లు చాలావరకు తెల్లగా ఉంటే మొక్కను అదే కుండీలో తిరిగి పెట్టి, వెలుతురు పెంచి, మట్టి పైన 3 సెంటీమీటర్లు ఆరేదాకా ఆగడమే వైద్యం. అనవసరంగా మట్టి మార్చడం కూడా దెబ్బే. నీళ్లు పీల్చే పని చేసేది కంటికి సరిగ్గా ఆనని సన్నటి నూగు వేళ్లు, మట్టి మార్చిన ప్రతిసారీ అవే ముందు తెగుతాయి.

మూడో వంతుకు మించి కుళ్లు ఉంటే శస్త్రచికిత్స తప్పదు. గది వేడి ఉన్న నీటిలో పాత మట్టిని మెల్లగా కడిగేసి, స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో మెత్తబడిన వేళ్లన్నీ గట్టి భాగం తగిలేదాకా కత్తిరించాలి. నేలలో అడ్డంగా ఉండే కొమ్మును నొక్కి చూడాలి. అది గట్టిగా ఉంటే మొక్కకు ఆయుష్షు ఉన్నట్టే. కోసిన గాయాలకు దాల్చినచెక్క పొడి అద్దమని, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయమని సలహాలు చాలా తిరుగుతుంటాయి. దాల్చినచెక్క పొడి గాయాన్నే కాదు, పక్కనున్న మంచి నూగు వేరునూ ఎండబెడుతుంది. పెరాక్సైడ్ తాకిన చోట తెగులునూ, వేరు కణాలనూ ఒకేలా కాలుస్తుంది, నిమిషాల్లో నీరుగా మారిపోతుంది. కుళ్లును మొత్తం కోసి, గాలి ఆడే మట్టిలో నాటితే ఈ రెండింటి అవసరం ఉండదు. కోయకుండా వదిలేస్తే ఈ రెండూ కాపాడలేవు.

ఆకుల సంగతిలో కొంత కాఠిన్యం అవసరం. వేళ్లు సగం పోతే, ఆకులన్నిటికీ నీరు సరఫరా చేసే శక్తి మిగిలిన సగానికి ఉండదు. పూర్తిగా పసుపు పడినవి, సగానికి పైగా మాడినవి, అన్నిటికంటే ముదురాకులు మొదలు దాకా తీసేయాలి. సగానికి మించి పచ్చగా ఉన్న ఆకును అందం కోసం తీసేయడం మాత్రం తప్పు. కొత్త వేరు పుట్టడానికి పిండిపదార్థం తయారయ్యేది అందులోనే. రెండు మూడు మంచి ఆకులు, చుట్టుకుని ఉన్న ఒక మొవ్వు ఆకు మిగిలితే చాలు.

కుండీ చిన్నదై ఉండాలి. మిగిలిన వేళ్ల ముద్ద చుట్టూ రెండు సెంటీమీటర్లకు మించి ఖాళీ ఉండకూడదు. 18 సెంటీమీటర్ల కుండీలోంచి తీసిన మొక్క తిరిగి 10 లేదా 12 సెంటీమీటర్ల కుండీలోకి వెళ్లడం మామూలే. వేరు చేరని మట్టిలో నీటిని తాగేవాళ్లుండరు, అది వారాల తరబడి ఆరదు. అడుగున రంధ్రం లేని అలంకరణ కుండీలో నేరుగా నాటడం అసలు వద్దు. అడుగున గులకరాళ్లు, పెంకు ముక్కలు పరిస్తే నీరు బాగా దిగుతుందనేది ఎంత పాత అలవాటైనా లెక్క దానికి వ్యతిరేకంగానే ఉంది. నీళ్లలో ముంచి తీసిన స్పాంజిని అడ్డంగా పట్టుకుంటే కొంత కారి ఆగిపోతుంది, నిలువుగా తిప్పితే ఇంకొంత కారుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ పైభాగం ఎండుతుంది, అడుగున మాత్రం ఎప్పుడూ కొంత మందాన తడి పొర నిలిచే ఉంటుంది. మెత్తటి మట్టి కింద పెద్ద రాళ్లు వేస్తే ఆ తడి పొర రాళ్లలోకి దిగదు, రాళ్ల పైనే, అంటే వేళ్లకు మరింత దగ్గరగా నిలుస్తుంది. మట్టి రంధ్రం లోంచి జారకుండా చిన్న వల ముక్క వేస్తే చాలు.

మిశ్రమానికి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 4 పాళ్లు, పెర్లైట్ (వేడికి ఉబ్బించిన తేలికపాటి తెల్ల రాతి గుళికలు) 2 పాళ్లు, సెంటీమీటరు లోపు ముక్కలుగా ఉన్న పైన్ బెరడు 2 పాళ్లు, జల్లించిన వర్మికంపోస్ట్ 1 పాలు బాగా కుదురుతుంది. బెరడు దొరక్కపోతే కడిగిన కొబ్బరి డొక్క ముక్కలు వాడవచ్చు. తడిపిన మిశ్రమాన్ని గుప్పిట బిగిస్తే రెండు మూడు చుక్కలు రావాలి, విప్పగానే ముద్ద విడిపోవాలి. ధారగా కారితే పెర్లైట్, బెరడు పెంచాలి. కోకోపీట్ ఇటుకను కొన్నది కొన్నట్టు వాడకూడదు, కొబ్బరి పీచులో సహజంగా సోడియం, పొటాషియం లవణాలు ఎక్కువ. నానబెట్టి, పిండి, నీరు మార్చి కనీసం మూడుసార్లు కడగాలి. పెర్లైట్‌ను కూడా ఒకసారి నీళ్లతో జాడిస్తే దుమ్ము పోతుంది, అందులోని ఫ్లోరైడ్ కొంత కొట్టుకుపోతుంది. పొడిగా ఉండగా ఒంపితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి ముందే తడపాలి.

నాటేటప్పుడు కొమ్ము ఇంతకుముందు ఎంత లోతులో ఉందో అంతే ఉండాలి. మొదలు కదలకుండా ఉండాలని మట్టిని గట్టిగా అదిమితే సంపాదించిన గాలి సందులన్నీ పోతాయి. కుండీని తట్టి, ఒకసారి నీళ్లు పోసి సర్దుకోనివ్వాలి, అడుగు నుంచి కారిన నీటిని పారబోయాలి. తర్వాత మొక్కను పారదర్శక ప్లాస్టిక్ సంచిలో ఉంచి, మూతి వదులుగా కట్టి, ఎండ తగలని వెలుతురులో 22 నుంచి 27 డిగ్రీల మధ్య పెట్టాలి. వేళ్లు తక్కువైనప్పుడు ఆకు నీటిని పోగొట్టుకోకుండా ఆపే మార్గమిది. రోజూ పది నిమిషాలు సంచి తెరవాలి, ఆకుల మీద నీటి చుక్కలు పేరుకుంటే ఇంకాసేపు. సంచిలో ఉన్న కుండీకి పదిరోజుల దాకా నీళ్లు అక్కర్లేకపోవచ్చు. ఎండిందని పుల్ల చెప్పనిదే పోయకూడదు. మొవ్వు ఆకు కదిలి పొడవు పెరగడం, లేదా కాడను మెల్లగా లాగితే మట్టి పట్టుకున్నట్టు బిగువు తగలడం వేరు పుట్టిందనడానికి గుర్తు. ఇది మూడు నుంచి ఆరు వారాల పని. ఆ తర్వాత సంచిని ఒక్కసారిగా తీసేయకుండా, వారం పది రోజుల మీద రోజుకు కొన్ని గంటల చొప్పున తెరుస్తూ అలవాటు చేయాలి.

ఈ కాలంలో ఎరువు వేయడం అతి సాధారణమైన తప్పు. ఎరువంటే లవణం, దెబ్బతిన్న వేరు చుట్టూ లవణం పెరిగితే వేరులోకి నీరు వెళ్లడం ఇంకా కష్టమవుతుంది. మొదటి కొత్త ఆకు పూర్తిగా విచ్చుకున్నాక, నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండి నీటిలో కరిగే 19-19-19 లాంటి ఎరువు లీటరుకు అర గ్రాము చొప్పున, మూడు నాలుగు తడులకొకసారి ఇస్తే చాలు.

కొసలు మాడటం వెనుక ఉన్న నీళ్లు

వేళ్లు బాగున్నాయి, మొక్క మారాకు వేస్తోంది, అయినా ప్రతి ఆకు కొసా గోధుమరంగుకు తిరిగి, దాని చుట్టూ సన్నటి పసుపు అంచు కడుతోంది. కలతియా పెంచేవాళ్లను అన్నిటికంటే విసిగించేది ఇదే. దీన్ని గాలిలో తేమ లోపం కింద జమకట్టి నీళ్లు చల్లుతుంటారు. గాలికి భాగం ఉంది కానీ, చాలా కుండీల్లో అసలు నేరస్థురాలు కుళాయి నీరు.

నీటితో పాటు వేరులోకి వెళ్లిన ఫ్లోరైడ్, సోడియం, క్లోరైడ్ కాడ గుండా ఆకులోకి చేరతాయి. నీరు ఆవిరై పోతుంది, ఇవి పోలేవు. నీటి ప్రయాణం ముగిసేది కొసల్లో, అంచుల్లో కాబట్టి అక్కడే పోగుపడి కణాలను చంపుతాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం చెబుతుంది. మనుషులకు సరిపోయే ఆ హద్దు డ్రసీనా, స్పైడర్ ప్లాంట్, మరాంటా కుటుంబం మొక్కలకు ఎక్కువే. నీటిని రాత్రంతా బకెట్లో ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది కానీ, కొన్నిచోట్ల నీటి శుద్ధికి దాని బదులు వాడే క్లోరమైన్ పోదు, ఫ్లోరైడ్ అసలే పోదు. మరిగిస్తే బైకార్బనేట్ల వల్ల వచ్చిన కాఠిన్యం అడుగున తెల్లగా పేరుకుని తగ్గుతుంది, ఫ్లోరైడ్ మాత్రం నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. ఉప్పుతో పనిచేసే వాటర్ సాఫ్ట్‌నర్ కాల్షియంను తీసి సోడియంను పెడుతుంది, అది మొక్కకు మరింత చేటు.

మంచి నీళ్లంటే వాన నీరు, డిస్టిల్డ్ నీరు, ఆర్‌వో నీరు. ఇక్కడే ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఆర్‌వో యంత్రం నుంచి వృథాగా బయటికొచ్చే నీటిని పారబోయడం ఇష్టంలేక మొక్కలకు పోస్తుంటారు. ఉద్దేశం మంచిదే. కానీ సగం నీరు శుద్ధమై సగం బయటికి పోయే యంత్రంలో, ఆ బయటికి పోయే సగంలో లవణాలు దాదాపు రెట్టింపు చిక్కగా ఉంటాయి. 400 పీపీఎం (లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాముల లవణాలు) ఉన్న నీరు 800 దగ్గరికి వెళ్తుంది. ఆ నీరు నేల కడగడానికి పనికొస్తుంది, కలతియాకు కాదు. శుద్ధమైన నీటిని ఒక్కదాన్నే నెలల తరబడి వాడితే కాల్షియం, మెగ్నీషియం కొరత రావచ్చు. అందుకే 400 పీపీఎం కుళాయి నీరు ఒక పాలు, 20 పీపీఎం ఆర్‌వో నీరు మూడు పాళ్లు కలిపితే 115 పీపీఎం దగ్గర పడుతుంది, అది హాయిగా సరిపోయే స్థాయి. చిన్న టీడీఎస్ మీటర్ ఈ లెక్కకు చాలు. అయితే అది మొత్తం లవణాలనే చెబుతుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు.

అప్పటికే మట్టిలో చౌడు పట్టి ఉంటే, అంటే మట్టి పైనా కుండీ అంచునా తెల్లటి పూత కనిపిస్తుంటే, కడగాలి. ముందు పై సెంటీమీటరు మట్టిని తీసేసి, కుండీ పరిమాణానికి మూడు రెట్ల మంచి నీటిని మూడు విడతలుగా, విడతకూ విడతకూ పదిహేను నిమిషాలు ఆగి పోయాలి. రెండు లీటర్ల కుండీకి ఆరు లీటర్లు. చివర్లో కారిన నీటిని టీడీఎస్ మీటర్‌తో కొలిస్తే లవణాలు పోసిన నీటిలోకంటే కొంచెమే ఎక్కువ ఉండాలి. మామూలు రోజుల్లో కారే నీరు 1,000 పీపీఎం దాటుతుంటే కడగాల్సిన వేళ వచ్చినట్టే. అడుగు పళ్లెంలోంచి మాత్రమే నీరు తాగించే అలవాటున్న కుండీల్లో లవణాలు ఎప్పటికీ బయటికి పోవు, పైకి పాకి పేరుకుంటాయి. వాటికి నెలకొకసారి పైనుంచి పోయడం తప్పనిసరి. వేళ్లు కుళ్లి కోలుకుంటున్న మొక్కకు మాత్రం ఈ కడుగుడు అప్పుడే వద్దు.

మాడిన కొస తిరిగి పచ్చబడదు. కావాలంటే ఆకు ఆకారాన్ని అనుసరించి, గోధుమరంగు అంచును ఒక మిల్లీమీటరు వదిలి కత్తిరించవచ్చు. పచ్చ భాగంలోకి కోస్తే కోసిన చోట మళ్లీ మాడుతుంది. నీరు మార్చిన ఫలితం కొత్తాకుల్లోనే చూడాలి. కొత్తాకు ఈనెల మధ్య పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది మరో జాడ. కఠిన నీటి వల్ల మట్టి పిహెచ్ పెరిగి ఇనుము అందడం లేదు. ఈ మొక్కకు 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి.

గాలిలో తేమ శాతాన్ని ఒక్కదాన్నే చూస్తే మోసపోతాం. 22 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి 19.4 గ్రాముల ఆవిరిని పట్టగలదు. 50 శాతం తేమ అంటే ఇంకా 9.7 గ్రాములకు చోటుంది. 32 డిగ్రీల దగ్గర అదే ఘనమీటరు 33.8 గ్రాములు పడుతుంది, 50 శాతం దగ్గర ఖాళీ 16.9 గ్రాములు. మీటర్ రెండు చోట్లా 50 అనే చూపుతుంది, కానీ రెండో గదిలో ఆకు మీద లాగుడు ఒకటిన్నర రెట్లకు పైనే. వేడి గదిలో మొదటి గదితో సమానమైన సుఖం కావాలంటే తేమ 71 శాతం దాకా ఉండాలి. ఏసీ, హీటర్, ఫ్యాన్ గాలి నేరుగా తగిలే చోటు నుంచి కుండీని జరపడం వల్ల వచ్చే లాభం నీళ్లు చల్లడం కంటే ఎక్కువ. చల్లిన నీరు నిమిషాల్లో ఆరిపోతుంది, ఆకు మీద మచ్చలు మిగులుతాయి, మొవ్వులో నిలిచిన నీరు లేతాకును కుళ్లబెట్టవచ్చు. గులకరాళ్ల పళ్లెం ప్రభావం నామమాత్రం. నిజంగా తేమ పెంచేది హ్యూమిడిఫయర్, లేదా మూసిన గాజు అర. హ్యూమిడిఫయర్‌లో కఠిన నీరు పోస్తే ఆకుల మీద తెల్లటి పొడి పడుతుంది.

పొడి గాలిని ఇష్టపడేది ఎర్రనల్లి. ఆకు పైన సూదితో పొడిచినట్టు లేత చుక్కలు, మెరుపు తగ్గడం, కాడ మొదట్లో సన్నటి గూడు కనిపిస్తే ఆకు కింద తెల్ల కాగితం పట్టి తట్టాలి. రాలిన చుక్కలు కాసేపటికి నడవడం మొదలుపెడితే సందేహం లేదు. సుమారు 27–30 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్దది కావడానికి వారం చాలు. సబ్బు ద్రావణం గుడ్డును చంపదు కాబట్టి ఒక్కసారి కొట్టి వదిలేస్తే పది రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. ఆకుల అడుగు భాగాన్ని ధార నీటితో కడిగి, లీటరుకు 5 మిల్లీలీటర్ల పొటాషియం సబ్బు కలిపి, వెలుగు తగ్గిన వేళ రెండు వైపులా తడిచేలా కొట్టాలి. నాలుగైదు రోజుల ఎడంతో కనీసం నాలుగుసార్లు. ముందు ఒక ఆకు మీద కొట్టి రెండు రోజులు చూడాలి, కలతియా ఆకు నూనెలకు, ఘాటు డిటర్జెంట్లకు త్వరగా మాడుతుంది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి కీటకనాశినులు నల్లి మీద పనిచేయవు, కొన్నిసార్లు నల్లి సంతతి పెరగడానికే దారితీస్తాయి. నల్లి కీటకం కాదు, సాలీడు బంధువు.

మట్టి మీద ఎగిరే చిన్న నల్లటి దోమలు మొక్కను చంపవు. మట్టి ఆరడం లేదని మాత్రం చెబుతాయి. పై మూడు సెంటీమీటర్లు ఆరనిస్తే తగ్గిపోతాయి.

ఆకులన్నీ పోయాక కూడా కుండీని వెంటనే పారేయకూడదు. కొమ్ము గట్టిగా, లోపల తెల్లగా ఉంటే, కొంచెం తేమగా ఉన్న మిశ్రమంలో 24 డిగ్రీల పైన ఉంచినప్పుడు నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మొలక రావచ్చు. ఆకును కాడతో సహా తెంపి నీళ్లలో పెట్టడం వల్ల కలతియా రాదు. ఆకు కాడ మీద కణుపు ఉండదు, అది కొన్ని వారాలు పచ్చగా నిలిచి చివరికి కుళ్లుతుంది. మరాంటా సంగతి వేరు. దాని పాకే కాండానికి కణుపులుంటాయి కాబట్టి కణుపు కింద కోసిన ముక్క నీళ్లలో రెండు నుంచి నాలుగు వారాల్లో వేరు పోస్తుంది. మొక్క సందేహంలో ఉన్నప్పుడు ఒక ముక్క ముందే తీసి పెట్టుకోవడం తెలివైన పని. కొమ్ము మెత్తబడి, నొక్కితే నీరు కారుతుంటే ఇక లాభం లేదు. ఆ మట్టిని వేరే కుండీకి వాడకూడదు. కుండీని రుద్ది కడిగి, ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపిన ద్రావణంలో కనీసం పది నిమిషాలు ముంచి, మంచి నీళ్లతో జాడించి ఆరబెట్టాకే అందులో మరో మొక్క పెట్టాలి.